నా మీద కాని అరుపు

ఆ క్యాసెట్ మా అన్న దుకాణానికి ఒక పాడైన టూ-ఇన్-వన్ టేప్‌రికార్డర్ లోపల ఇరుక్కుని వచ్చింది. ఎనభైల నడిమి సంగతి. కిషన్‌బాగ్‌లో మా ఇల్లున్న సందు మొదట్లోనే అన్న రేడియోలూ టేప్‌రికార్డర్లూ బాగుచేసేవాడు. దుకాణం అంటే ఒక షట్టరు, ఒక బల్ల, బల్ల మీద ఎప్పుడూ పొట్ట తెరుచుకుని పడుండే ఏదో ఒక మిషన్. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు పసిపిల్లను ఎత్తుకొచ్చినట్టు గుడ్డలో చుట్టి తెచ్చుకున్న జపాన్ టేప్‌రికార్డర్లు మా వీధి దుమ్ముకు కొన్నాళ్లు ఓర్చుకుని, చివరికి ఆ బల్ల మీదికే చేరేవి.

ఈ మిషన్ తెచ్చినాయన మస్కట్‌లో క్రేన్ దగ్గర పనిచేసి వచ్చాడు. ఉండేది బహదూర్‌పురాలో. అన్న ఆయన్ని భాయ్ అనేవాడు, నేనూ అలాగే అనేదాన్ని. క్యాసెట్ తిరగడం లేదు, బయటికీ రావడం లేదు అని చెప్పి, మళ్లీ వస్తానని వదిలి వెళ్లాడు.

నేను డ్యూటీ నుంచి వచ్చి అన్నకు చాయ్ తీసుకెళ్లేసరికి క్యాసెట్ బయటికి వచ్చేసింది. అన్న లోపలి బెల్టు మార్చాడు. దూదిని స్పిరిట్‌లో ముంచి హెడ్ తుడిచాడు. చేతికి దొరికింది కదా అని అదే క్యాసెట్ పెట్టి నొక్కాడు. ఒక్కసారిగా ఏదో చిరిగిపోతున్న మోత. రేకుల షెడ్డు మీద కంకర కుమ్మరించినట్టు. అన్న వెంటనే ఆపేశాడు.

"స్పీకర్ ఫట్టయింది" అన్నాడు.

స్పీకర్ విప్పి చూశాడు. దాని లోపలి కాగితం ఎక్కడా చిరగలేదు. అయినా తన దగ్గరున్న ఇంకో స్పీకర్ వేసి మళ్లీ పెట్టాడు. అదే మోత. ఈసారి ఏదో పాత సినిమా పాటల క్యాసెట్ పెడితే గాయని గొంతు తేనెలా వచ్చింది. మళ్లీ ఇది పెడితే చిరుగుడే. అన్న స్క్రూడ్రైవర్ పట్టుకుని చాలాసేపు ఆ మిషన్ వైపు అనుమానంగా చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు ఆ మోత మధ్యలోంచి ఒక మనిషి గొంతు లేచింది. సన్నగా, గట్టిగా, కంపెనీ సైరన్ కూసినట్టు. అది పాట అనీ, మిషన్‌లో లోపమేమీ లేదనీ ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. అన్న నవ్వాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. తీసెయ్యమన్నాను. రోజంతా చెవిలో ఒర్రుడు విని వస్తే ఇంటి దగ్గర కూడా ఇదేనా అని విసుక్కుని, గ్లాసు పట్టుకుని వచ్చేశాను. ఆ పాటల గురించి నా మొదటి అభిప్రాయం అది.

రోజంతా చెవిలో ఒర్రుడు, అరుపులు అన్నది ఊరికే అన్న మాట కాదు. నేను చాంద్రాయణగుట్ట దాటాక ఉండే ఒక పంపుల కంపెనీలో టెలిఫోన్ ఆపరేటర్ని. ఆ కంపెనీ ఇప్పుడు లేదు. మా బాపు అందులోనే పోతపని చేశాడు. ఇసుక అచ్చుల్లో కరిగిన ఇనుము పోసి పంపుల తొడుగులు చేసే పని. ఏళ్ల తరబడి ఆ ఇసుక పొడి పీల్చి ఊపిరితిత్తులు పాడై, మెట్లెక్కితే దగ్గుతో వంగిపోయే స్థితి వచ్చాక పని మాన్పించారు. నేను చర్చి వాళ్ల స్కూల్లో ఇంగ్లీషు మీడియంలో చదివానని ఆయనకు బదులు నన్ను తీసుకుని స్విచ్‌బోర్డు ముందు కూర్చోబెట్టారు.

అది తీగల బోర్డు. లోపలి నుంచి ఎవరైనా ఫోన్ ఎత్తితే దీపం వెలుగుతుంది. ఒక తీగ అక్కడ గుచ్చి, ఎవరు కావాలో అడిగి, రెండో తీగ అక్కడ గుచ్చాలి. బయటి ఊళ్లకైతే ట్రంక్ కాల్ బుక్ చేసి, లైన్ దొరికేదాకా కాచుకుని ఉండాలి. తల మీద హెడ్‌సెట్, దానికే నోటి ముందుకు వచ్చే మాట్లాడే కొమ్ము. ఎదుటి మనిషి మొహం కనపడదు కాబట్టి మగవాళ్లు ఆ తీగలో ఏమైనా అంటారు. లైన్ దొరక్కపోతే నన్నే తిడతారు. ఎంగేజ్ వస్తే నన్నే. అవతలివాడు ఊళ్లో లేకపోయినా నన్నే. నాకంటే ముందు నుంచీ ఉన్న ఇంకో ఆపరేటర్, నేను అక్క అని పిలిచే ఆవిడ, మొదటి రోజే నాకు ఒక ఉపాయం నేర్పింది. కోపం వస్తే బోర్డు మీద మన మాట అవతలికి పంపే కీ పైకెత్తి, వాడికి వినపడకుండా నాలుగు తిట్టుకుని, మళ్లీ కీ దించి నవ్వుతూ సారీ సార్ అనాలట. గొంతులో నవ్వు వినపడాలి అనేది. నేను బాగానే నేర్చుకున్నాను. నా గొంతు తియ్యగా ఉంటుందని కంపెనీలో పేరు కూడా వచ్చింది.

ఆ తియ్యదనం చాలని మనిషి ఒకడే, కొనుగోళ్ల మేనేజరు. కోస్తా నుంచి వచ్చినవాడు. బయటివాళ్లతో ఎంతో మర్యాదగా మాట్లాడేవాడు. నేను పొరపాటున ఫోన్‌లో "ఏంది సార్" అంటే చాలు, తన గదికి పిలిపించి, అక్కడున్న వాళ్ల ముందు "ఏమిటండీ" అని నాచేత పలికించేవాడు. ఒకసారి కాదు, సరిగ్గా వచ్చిందని ఆయన తల ఊపేదాకా. అక్కడున్నవాళ్లు నవ్వేవారు. మా ఇంట్లో, మా సందులో, మా చర్చిలో మాట్లాడే మాట తప్పని నాకు చెప్పిన మొదటి మనిషి ఆయన. ఇప్పుడు నేను రాస్తున్న ఈ తెలుగు కూడా కొంత ఆ గదిలో అబ్బిందే. అందుకు ఆయనకు నేను ఏమీ రుణపడలేదు.

ఆ క్యాసెట్ వచ్చిన వారంలోనే ఒకరోజు ఆయన బొంబాయికి అర్జెంటు కాల్ బుక్ చేయమన్నాడు. పొద్దంతా కాచుకున్నాక లైన్ దొరికింది. కలిపాను. రెండు మాటలు మాట్లాడాడో లేదో లైన్ చచ్చిపోయింది. ట్రంక్ ఎక్స్‌చేంజ్ అమ్మాయిని అడిగితే బయట కేబుల్ పోయిందని చెప్పింది. ఆ మాటే ఆయనకు చెప్పాను. లైన్ అక్కడ్నే కట్టయింది సార్ అన్నాను.

ఫోన్‌లో అరిచినంతసేపు అరిచి, సరిపోక స్వయంగా మా గదిలోకి వచ్చాడు. తలుపు దగ్గర ఇద్దరు గుమాస్తాలు, ఒక ప్యూను నిలబడి చూస్తున్నారు.

"అక్కడ్నే ఏమిటి, అక్కడ్నే? తెలుగు రాదు, ఇంగ్లీషు రాదు. మీ నాన్న దగ్గుతున్నాడని జాలిపడి కూర్చోబెడితే ఇలాగే ఉంటుంది."

కాసేపటికి లైన్ మళ్లీ వచ్చింది. ఆయన నా కుర్చీ వెనకే నిలబడి, తాను మాట్లాడే ముందు బొంబాయి ఆయనకు తప్పు నాదేనని నన్ను చెప్పమన్నాడు. చెప్పాను. ఇంగ్లీషులో, గొంతులో నవ్వు వినపడేలా. అవతలి ఆయన నొచ్చుకున్నట్టు, నీ తప్పేముందమ్మా, ఇక్కడ వాన, పొద్దుటి నుంచి అందరి లైన్లూ ఇలాగే పోతున్నాయి అన్నాడు. అది నాకొక్కదానికే వినపడింది. మేనేజరు నా తలమీంచి హెడ్‌సెట్ తీసుకుని, తన చెవికి ఆనించుకుని, ఆ మనిషితో హాయిగా నవ్వుతూ మాట్లాడటం మొదలుపెట్టాడు. హెడ్‌సెట్ లాగినప్పుడు నా జడ ఊడిపోయింది. అక్క తన తీగల వైపే చూస్తూ కూర్చుంది.

సాయంత్రం ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. నోరు మూస్కొని ఉండు బిడ్డా, బాపుకు మందులెట్ల వస్తయి అంది. ప్రార్థన చేసుకోమంది. నేను ప్రార్థన చేయలేదు. అన్న సామాను కోసం కోఠీకి వెళ్తూ దుకాణంలో కూర్చోమన్నాడు. వెళ్లి కూర్చున్నాను. బల్ల మీద భాయ్ మిషన్ తయారై ఉంది, పక్కనే ఆ క్యాసెట్. ఏ పాట పెట్టుకున్నా ఎవరో ఒకరు ప్రేమగా పాడుతారు. ఆ రోజు ప్రేమగా పాడేవాళ్లెవరూ నాకు వద్దనిపించింది. అన్న దగ్గరున్న పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించి ఆ క్యాసెట్‌ను మొదటి నుంచి పెట్టాను.

ముందు ఒక గుయ్యిమనే చప్పుడు. మా బోర్డులో తీగను ఖాళీ రంధ్రంలో గుచ్చితే వచ్చేలాంటిది. అది పెరిగి పెరిగి గిటారు అయింది. దాని కింద డ్రమ్ములు, రెండు కాళ్లతో ఎవరో తలుపు తంతున్నట్టు. తర్వాత గొంతు. చర్చి క్వయిర్‌లో మాకు పై స్వరానికి పోయేముందు ఊపిరి పట్టి, మెట్టు మెట్టుగా ఎక్కాలని నేర్పేవారు. ఇతనికి మెట్లు లేవు. నోరు తెరవడమే ఇంటి కప్పు మీద తెరిచాడు. నేను హెడ్‌ఫోన్లు తీసేయబోయి ఆగాను.

మగవాడు నా చెవిలో అరవడం నాకు కొత్త కాదు. రోజూ అదే పని. కాని ఇతను అరుస్తున్నది నా మీద కాదు. నేను ఏ లైనూ కట్ చేయలేదు. అతనికి సారీ చెప్పే పని లేదు. పైగా అతను ఎవరి మీద అరుస్తున్నాడో వాళ్లు నాకూ తెలిసినవాళ్లే అనిపించింది. మాటలు సగం కూడా అర్థం కాలేదు. రోజూ నా నోట్లో నానే ఇంగ్లీషంతా హోల్డ్ ఆన్, లైన్ ఎంగేజ్డ్, థ్యాంక్యూ సార్. అందులో ఒక్క ముక్కా ఆ పాటలో లేదు. కాదు, వద్దు, ఎప్పటికీ కాదు లాంటి మాటలు మాత్రం పట్టుబడ్డాయి. అవి చాలు. రెండో పాట వచ్చేసరికి పిడికిలితో బల్లను కొడుతున్నాను. స్క్రూల డబ్బా దొర్లి కింద పడింది. ఏరలేదు.

అన్నీ నచ్చాయని చెప్పను. మూడో పాటలో గిటారాయన ఎంతకీ ఆపడు. బరాత్‌లో పెళ్లికొడుకు స్నేహితుడు రోడ్డుకు అడ్డంగా నిలబడి, వెనక బండ్లు ఆగిపోయినా తానొక్కడే ఎగురుతున్నట్టు. ఆయన గొప్ప ఆయన చూపించుకుంటున్నాడు తప్ప పాటకు దానితో పని లేదనిపించింది. రెండో వైపు మొదట్లోనే నెమ్మదైన పాట ఒకటి ఉంది. అదే గొంతు ఉన్నట్టుండి మెత్తబడి, గారాలు పోతూ పాడింది. నువ్వు కూడానా అనుకున్నాను. రోజంతా తియ్యగా మాట్లాడి వచ్చిన మనిషికి ఆ తియ్యదనం భరించలేనిది. ముందుకు తిప్పేశాను. చివరి పాట అన్నిటికంటే వేగం. అందరూ పరుగు పందెంలో ఉన్నట్టు పోయి పోయి, అందరూ ఒక్క దెబ్బకు ఆగారు. సాగదీయడం లేదు, నెమ్మదించడం లేదు. టేపు తిరుగుతున్న సుయ్యి శబ్దం మిగిలింది. రోడ్డు మీద బస్సులు పోతున్న చప్పుడు అప్పుడే చెవిన పడింది.

అన్న వచ్చి నా మొహం చూసి, "ఏడుస్తున్నవా?" అన్నాడు.

"లే. కోపం."

ఎవరి మీద అని అడిగాడు. జరిగింది చెప్పాను. అన్న కింద పడ్డ స్క్రూలు ఏరాడు. తర్వాత, గా లొల్లి వింటే ఇంక తల తిరుగుతది, నిమ్మలంగ పోయి పండుకో అన్నాడు.

భాయ్ మిషన్‌తో పాటు వదిలి వెళ్లిన క్యాసెట్ పెట్టెలోని కాగితం మరునాడు చూశాను. పొడుగు జుట్టు మగవాళ్లు నలుగురు. వాళ్ల కాళ్ల దగ్గర గొలుసులతో కట్టేసిన ఆడమనిషి బొమ్మ, ఒంటి మీద సరిగా బట్టల్లేవు. ఇన్ని అరుపులు అరిచి, ఇంత ఇనుము మోగించి, చివరికి మీకు దొరికింది ఇదా అని మండిపోయాను. ముందురోజు నా తరఫున అరిచినట్టు అనిపించిన మనిషే ఆ బొమ్మ పక్కన నిలబడి నవ్వుతున్నాడు. కాగితాన్ని తిరగేసి, తెల్లవైపు బయటికి కనపడేలా పెట్టెలో పెట్టాను. పాటలు మాత్రం మళ్లీ విన్నాను. రెండూ నిజమే. ఆ బొమ్మ మీద కోపం ఈనాటికీ ఉంది, ఆ మొదటి పాట మీద ఇష్టమూ ఉంది. ఒకటి ఒప్పుకుంటే రెండోది పోవాలని ఎవరైనా అంటే నేను వినను.

భాయ్ తన మిషన్ తీసుకోవడానికి వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆ క్యాసెట్ కాపీ చేసుకోవచ్చా అని అడిగాను. ఆయన ఆశ్చర్యపోయాడు. మస్కట్‌లో తన గదిలో ఉండే గోవా అతను ఊరికి పోతూ ఇచ్చాడట. దీన్ని హెవీ మెటల్ అంటారని చెప్పాడట.

"మై బోలా, దిన్ భర్ వహీచ్ ఉఠాతూఁ, రాత్ కో భీ వహీచ్ సునూఁ క్యా?" అని భాయ్ నవ్వాడు. హెవీ మెటల్ అంటే బరువైన ఇనుమే, పగలంతా మోసేది అదే కదా, రాత్రి కూడా అదే వినాలా అని.

నేనూ నవ్వాను. తర్వాత ఇల్లంతా నవ్వుకుంది కూడా. మా బాపు పోసింది, భాయ్ మోసింది, నేను విన్నది ఒకటే పేరుతో ఉందని. కాపీ ఎందుకు, క్యాసెట్టే ఉంచుకోమని భాయ్ ఇచ్చేసి వెళ్లాడు. ఇంట్లో ఎవరూ నాకు అప్పటిదాకా ఇలాంటిది ఇవ్వలేదు.

ఆ తర్వాత రోజూ సాయంత్రం దుకాణంలో ఒక వైపు వినేదాన్ని. పాట విని ధైర్యం వచ్చిందని చెబితే అబద్ధం అవుతుంది. పొద్దున బోర్డు ముందు కూర్చోగానే మళ్లీ అదే తియ్యటి గొంతు, అదే సారీ సార్. మారింది ఒక్కటే. కీ పైకెత్తి లోపల తిట్టుకోవడం మానేశాను. నాకే వినపడే తిట్లు ఎవరి కోసం అనిపించింది. తిట్టుకోకపోతే కోపం లోపలే పేరుకుంది.

వానలు తగ్గే రోజుల్లో మళ్లీ బొంబాయి కాల్ తెగింది. మేనేజరు ఫోన్‌లో మళ్లీ నాదే తప్పన్నాడు. ఈసారి బయట పోయింది సార్, నేను కట్ చెయ్యలే, సారీ మాత్రం చెప్ప అన్నాను. తీగకు అటువైపు ఫోన్ విసిరి పెట్టేసిన చప్పుడు. ఆ తర్వాత మెట్ల మీద బూట్ల చప్పుడు.

ఆయన లోపలికి వస్తూనే మా బాపు దగ్గుతో మొదలుపెట్టాడు. ఎవరి దయ వల్ల ఈ కుర్చీలో కూర్చున్నావో మర్చిపోయావా అన్నాడు. నేను హెడ్‌సెట్ తీసి, నా చేతులతోనే బల్ల మీద పెట్టి, లేచి నిలబడ్డాను.

"ఒర్రుడు బంద్ చెయ్యండి సార్. మా బాపు పేరు తియ్యకండి. ఆయన ఛాతీల ఉన్నది మీ కంపెనీ ఇసుకనే. దయ మాది, మీది కాదు."

నా గొంతు నాకే కొత్తగా వినపడింది. అందులో నవ్వు లేదు. గది బయట ఎవరో కుర్చీ జరిపి లేచారు. బోర్డు మీద నాలుగైదు దీపాలు వెలుగుతున్నాయి, ఎవరూ ఎత్తడం లేదు. మేనేజరు అక్క వైపు తిరిగి ఈ అమ్మాయికి ఏమైంది అని అడిగాడు. అక్క ఒక తీగ తీసి వెలుగుతున్న దీపం దగ్గర గుచ్చింది.

సాయంత్రం లోపలే నన్ను బోర్డు నుంచి తీసేశారు. నా గొంతు ఫోన్‌కు పనికిరాదన్నారు. ఉద్యోగం తీసేయలేదు. బాపుతో పనిచేసిన పోతపనివాళ్లు కొందరు మధ్యాహ్నం భోజనాల దగ్గర విషయం విని, గేటు దగ్గర గుమిగూడి నిలబడ్డారని తర్వాత తెలిసింది. వాళ్లు ఏమీ అడగలేదట, ఊరికే నిలబడ్డారట. నన్ను వెనక స్టోరులో వాషర్లు, నట్లు అందించే కిటికీ దగ్గర వేశారు.

ఇంట్లో అమ్మ ఏడ్చింది. బాపు మంచం మీద కూర్చుని అంతా విన్నాడు. నేను ఆయన పేరు ఎత్తినందుకు కోప్పడతాడేమో అనుకున్నాను.

"ఏమన్నవ్? మల్ల చెప్పు" అన్నాడు.

చెప్పాను. ఇసుక దగ్గరికి వచ్చేసరికి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గు అయింది, దగ్గులోనే నవ్వాడు. అమ్మ నీళ్లు తెచ్చి ఇస్తే గ్లాసు పట్టుకుని, ఇంకోసారి చెప్పమని చేత్తో సైగ చేశాడు. ఆయన్ని అలా నవ్వుతూ చూడటం తర్వాత ఎక్కువసార్లు కుదరలేదు. మరుసటి చలికాలం దాటలేదు.

కొన్నాళ్లకు అక్క స్టోరు కిటికీ దగ్గరికి వచ్చింది. నువ్వు ఒక్క మాట అడిగి ఉంటే లైన్ బయటే పోయిందని నేనూ చెప్పేదాన్ని అంది. అడిగితే చెప్పేది అడక్కపోతే చెప్పకూడదా అక్కా అన్నాను. ఆవిడ వెళ్లిపోయింది. ఆవిడకూ పిల్లలున్నారు, భయం ఉంటుంది, నాకు తెలుసు. తెలిసినా ఆ రోజు ఆవిడ తీగల వైపు చూస్తూ కూర్చున్న తీరు నేను క్షమించలేదు.

మేనేజరు చాలా ఏళ్ల తర్వాత రిటైరయ్యాడు. పెద్ద సభ పెట్టారు. నీ గొంతు బాగుంటుంది, నాలుగు మంచి మాటలు చెప్పమని ఆఫీసువాళ్లు నన్ను అడిగారు. గొంతు పనికిరాదన్నది మీరే కదా అని అడిగితే, అవన్నీ పాత సంగతులు, ఇప్పుడెందుకు అన్నారు. నాకు పాతవి కాలేదు. సభ మొదలయ్యే ముందే స్టోరుకు తాళం వేసి ఇంటికి వచ్చేశాను. మర్నాడు నా బల్ల మీద సభలో పంచిన స్వీటు ప్యాకెట్ ఒకటి పెట్టి ఉంది. విప్పకుండానే తీసుకెళ్లి గేటు కాపలా ఆయనకు ఇచ్చేశాను.